ఎనిమిదిళ్ళకూ ఒకటే తీగ

ఓర్ఫా స్ట్రూబుల్‌కు మూడు ఆవులు, ఒక వంటింటి కిటికీ, గోడకు ఒక ఫోను. పెన్సిల్వేనియాలో మా టపా విమానాల మైదానానికి పడమటి కొండ మీద ఆమె ఇల్లు. అటు వెళ్ళే ప్రతి విమానం లేచేముందు నేను ఫోను చేసేవాణ్ణి. ఆమె కిటికీలోంచి దూరాన మిల్లు పొగగొట్టం కనిపిస్తే దారిలో పొగమంచు లేనట్టు. "మిల్లు గొట్టం కనిపిస్తోంది, పంపు" అనేది. కనిపించకపోతే "కట్టెయ్ నీ గుర్రాన్ని" అనేది. ఆ పనికి ఆమెను ఎవరూ పెట్టలేదు. అంతకుముందు ఏడాది పొగమంచులో దారి తప్పిన పైలట్ ఒకడు ఆమె పెరటి వెనక చెట్లలో కూలాడు. ప్రాణం పోయేదాకా అతని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంకొకణ్ణి అలా చూడలేనని నాతో ఒక్కసారే చెప్పింది.

ఆ ఫోనుతో ఒక తంటా ఉండేది. కొండ మీద ఎనిమిదిళ్ళకూ ఒకటే తీగ. ఎవరింట్లో గంట మోగినా అందరూ ఎత్తి చెవిన పెట్టుకునేవారు. అది తప్పని ఎవరూ అనుకోలేదు, అక్కడ ఊసుపోయేది దానితోనే. కాని ఒక్కొక్కరు ఎత్తేకొద్దీ మాట సన్నబడిపోయేది.

1922 ఫిబ్రవరి, మధ్యాహ్నం. ఓర్ఫా "పంపు" అంది. పైలట్ వెర్నన్ డాల్ టపా సంచులు ఎక్కించుకున్నాడు. "ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుందో లేదో కనుక్కున్నావుటయ్యా?" అని వేళాకోళమాడి ఇంజను తిప్పించాడు. విమానంలో రేడియో లేదు. లేచాక వెనక్కి పిలిచే దారే లేదు.

అప్పుడు మోగింది ఫోను. ఎత్తితే గరగర తప్ప ఏమీ లేదు. ఎవరో అరుస్తున్నారని తెలుస్తోంది, ఏమని తెలియదు. ఊరికే విమానం ఆపితే పై అధికారి చర్మం ఒలుస్తాడు. అందుకని విమానాన్ని ఆపకుండా, మాట తేలేదాకా చూద్దామని ఫోను దగ్గరే ఉండిపోయాను. ఆ తప్పు నాది.

అవతల ఓర్ఫా ఏమందో తర్వాత ఆ ఇళ్ళవాళ్ళే చెప్పారు.

"గెఫార్టమ్మా, మీ గడియారం చప్పుడు వినిపిస్తోంది, పెట్టెయ్! ఎమాన్యుయెల్, ఆ దగ్గు నీదే. కొండంతా పొగమంచు కమ్మేసింది, అవతల ప్రాణం పోతుంది, పెట్టవయ్యా!"

ఆరుగురు పెట్టేశారు. తీగ మీద ఇంకా ఒక పంజరపు పిట్ట కూస్తోంది. అది ఆమె ఆడపడుచు లవీనాది. ఓర్ఫా భర్త సమాధి రాయి మీద ఏం చెక్కించాలన్న గొడవతో ఆ ఇద్దరికీ మూడేళ్ళుగా మాటల్లేవు.

"వదినా," అంది ఓర్ఫా. "రాయి మీద నీకు కావలసిందే చెక్కించు. నేను ఓడిపోయాను. పెట్టెయ్ తల్లీ."

టక్కుమంది.

నా చెవిలో ఒక్కసారిగా ఓర్ఫా గొంతు ఖంగుమంది. "మిల్లూ లేదు, గొట్టమూ లేదు, నా పెరటి కంచే లేదు! ఆపవయ్యా వాణ్ణి!"

ఫోను వదిలేసి పరుగెత్తాను. విమానం అప్పటికే కదిలింది. ఎదురుగా వెళ్ళి చేతులు చాపి నిలబడ్డాను. కదల్లేదు. నాకు పది గజాల దూరంలో విమానం ఆగింది. డాల్ నోటికొచ్చినట్టు తిట్టాడు. పావుగంటలో మా షెడ్డు కూడా కనిపించకుండా పోయింది. అతను తిట్లు మానేసి నేలమీద కూర్చుండిపోయాడు.

లోపలికి వెళ్తే ఫోను తాడుకు వేలాడుతూనే ఉంది. ఎత్తి చెవిన పెట్టుకున్నాను.

"ఆగాడా?" ఓర్ఫా గొంతు మళ్ళీ పీలగా ఉంది. దాని వెనక గడియారం, దగ్గు, పిట్ట. ఏడిళ్ళవాళ్ళూ మళ్ళీ ఫోన్లు ఎత్తేశారు. నాకు కోపం రాలేదు. అందరికీ వినబడేలా అరిచాను. "ఆగాడు! ఇక్కడే ఉన్నాడు!"

ఎవరో ఏడ్చారు. తర్వాత లవీనా గొంతు. "ఓర్ఫా, వంట మొదలెట్టకు. రొట్టె పట్టుకుని నేనే వస్తున్నా."

"ఈ మంచులో కదలకు వదినా," అంది ఓర్ఫా. "మిల్లు గొట్టం కనిపించాక రా."