గులాల్ పొగలో చుక్కలు

చిట్టీ, ఈరోజు పక్కింటి చాంద్‌బీ అక్క ఫోన్లో ఒక బొమ్మ చూపించింది. ఆకాశంలో గులాబీ రంగు పొగ, దాని లోపల అప్పుడే పుడుతున్న చుక్కలట. నాకు మాత్రం కట్టెల వాసన వచ్చినట్టయింది.

ఇది చదివే నా ఈడు వాళ్లకు గుర్తుందా? తెలంగాణ కోసం నెల్లికుదురులో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశాం. ఎవరో గులాబీ రంగు గులాల్ పొడి చల్లితే పొగలో కలిసి ఎండకు మెరిసింది. చిట్టీ, నీకప్పుడు పదేళ్లు. ఊదుగొట్టం పట్టుకుని ఆ పొగనే చూస్తూ కూర్చున్నావు.

"అమ్మా, చుక్కలు గిట్లనే పుడ్తయట. ఆకాశంల దుమ్ము, పొగ దగ్గరికొచ్చి, ముద్దయి, వేడెక్కి వెలుగుతయట. మా సారు చెప్పిండు."

"సచ్చిపోయినోళ్లే చుక్కలైతరే పిల్లా. మీ సారుకేం ఎరుక? ముందు పొయ్యి ఊదు, బువ్వ ఉడకాలె."

"ఏందే చెల్లె, గంత చదువుకున్న పిల్లతోని పొయ్యి ఊదిపిస్తవా?" అని చాంద్‌బీ అక్క నవ్వింది.

పోయిన ఏడు జ్వరం వచ్చి నువ్వు పోయావు. చుక్కయింది, పైకి చూడు అని అందరూ అంటున్నారు. ఆనాడు నేను నీకు చెప్పిన మాటే అది. కానీ చుక్కలు దుమ్ములోంచి కొత్తగా పుడతాయంటివి కదా బిడ్డా. మరి నువ్వెక్కడున్నావు? పైకి చూడాలో వద్దో నాకు తెలియడం లేదు.

ఆ రోజు రోడ్డు మీద అందరికీ వడ్డించాను. నువ్వు తిన్నావో లేదో ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు.

ఇది చదివే వాళ్లు ఇంకా తినకపోతే, లేచి కడుపునిండా తినండి.