రెండు వైర్ల మస్తానన్న

గంగమ్మ తల్లి మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. మా బోగోలు తీరంలో కొత్తగా కొన్న తాళం ఇంటికి చేరేలోగా తుప్పు పడుతుందన్నదీ నిజమే. ఈ ఉదయం మా రొయ్యల కంపెనీలో సర్వర్ గది తలుపు తీయగానే ఆ తుప్పు వాసన, వేడెక్కిన దుమ్ము వాసన కలిసి ముక్కుకు తగిలాయి. ఈ మధ్య ఆ ఫ్యాన్ల రొద వింటేనే నీరసం. కానీ ఆ వాసనకు మాత్రం మస్తానన్న గుర్తొస్తాడు. ఇక్కడ కంప్యూటర్లు చూసుకునే పని నాకు నేర్పింది ఆయనే.

చేరిన కొత్తలో నేను సర్వర్‌కు రెండు నెట్‌వర్క్ కార్డులు బిగించి, రెండింటినీ ఒకటిగా కలిపి గర్వంగా చూపించాను. రెండూ పనిచేస్తే వేగం; ఒకటి పోతే రెండోది ఆదుకుంటుంది. మస్తానన్న వైర్ల వెంట వేలు పోనిచ్చి, రెండూ నెట్‌వర్క్ వైర్లన్నీ కలిసే ఒకే స్విచ్ పెట్టెలోకి దూరడం చూశాడు.

"ఏంది అబ్బయ్యా, అన్నదమ్ములిద్దర్నీ ఒకే పడవెక్కిచ్చినావే! అది మునిగితే ఇంటికి కబురు చెప్పేదెవరు?"

రెండో వైరును వేరే స్విచ్‌కు, ఆ స్విచ్‌ను వేరే కరెంటు లైనుకు మార్పించాడు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం నమాజుకు వెళ్లబోయే ముందు, అందరూ పనిలో ఉండగానే, ఒక వైరు పీకేసేవాడు. నేను తెర దగ్గరికి పరిగెత్తేవాణ్ని. "పీకి చూడందే నమ్మబాక," అనేవాడు.

ఒకరోజు లారీలకు సరుకెక్కించే వేళ ఒక స్విచ్ నిజంగానే కాలిపోయింది. కోల్డ్ స్టోరేజి లెక్కలు తెర మీద కదులుతూనే ఉన్నాయి. ఎవరూ తలెత్తలేదు. అన్న కొత్తది బిగించి టీకి వెళ్లాడు.

ఆ నిశ్శబ్దమే ఆయన ఉద్యోగానికి ఎసరు పెట్టింది. ఓనరు పిలిపించి అడిగాడు: "ఎప్పుడూ ఏమీ ఆగిపోలేదు గదా మస్తానూ, ఇంక నువ్వు చేసే పనేముంది?"

"అదే సారూ, నేను చేసే పని."

ఓనరు నవ్వాడు. నెలాఖరుకు అన్నను మానిపించాడు. ఆయన గూడూరులో బావమరిది నిమ్మకాయల మండీకి వెళ్లిపోయాడు. వారం తిరక్కముందే ఇక్కడ సర్వర్ మొరాయించింది. కోల్డ్ స్టోరేజిలో చల్లదనం తగ్గింది ఎవరికీ తెలియక, ఐసు కరిగి రొయ్యలు కంపు కొట్టాయి. ఓనరు కారులో గూడూరు పరిగెత్తి, నిమ్మకాయల బస్తాల మధ్య అన్నకు శాలువా కప్పి, బతిమాలి వెంటబెట్టుకొచ్చాడు.

ఈ చివరి ముక్క నేను అల్లింది. సర్వర్ మొరాయించలేదు. అన్న సరిచేసిన ఆ రెండు వైర్లూ ఎంత చక్కగా నడిచాయంటే, ఆయన్ను పిలవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. శుక్రవారం వైరు పీకే పని ఇప్పుడు నాది. ఆగకుండా నడిచే దేన్ని చూసినా, దాని దగ్గర్నుంచి ఎవర్ని పంపించేశారని అడగాలనిపిస్తుంది. అడిగే ఓపిక లేక ఊరుకుంటాను.