ఎర్రమందు పరీక్షలో నేను తప్పు రాసిన నాలుగు వరుసలు

సైనైడ్‌కి విరుగుడు ఉంటుందంటే మొదట నేనే నమ్మలేదు. రెండువేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో పుదుచ్చేరిలో ఒక ఆసుపత్రిలో నర్సుగా ఉన్నాను. విరుగుడుగా పనికొస్తుందనుకున్న ఒక మందును ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఎక్కించి, ఆ మందే ఏమైనా చెరుపు చేస్తుందేమో చూసే పని మాకు పడింది. విషం ఎవరికీ ఇవ్వలేదు. మందు మాత్రం బీట్‌రూట్ రసంలా ఉండేది. చర్మం ఎర్రబడుతుంది, మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడొద్దని ముందే చెప్పేవాళ్లం. అయినా ఒకాయన బాత్రూంలోంచి గోడ పట్టుకుని వచ్చాడు.

గంటకోసారి బీపీ చూడాలి, ఎలా ఉందని అడగాలి, చెప్పింది కాగితంలో రాయాలి. నా పని అంతే.

మా పక్కింటి మామ కూడా పేరిచ్చాడు. వరసకు మామేం కాదు. వాళ్లూ మాలాగే ఎన్నో తరాల కిందట ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లు. నగలకు బంగారుపూత వేసే చిన్న కార్ఖానాలో పని ఆయనది. పూత తొట్టిలో కలిపేది సైనైడే. అంతకుముందు ఏడాది ఆయన పక్కన కూర్చుని పనిచేసే మనిషి దాంతోనే పోయాడు, ఆసుపత్రికి చేరకుండానే. ఈ మందు వస్తే తమలాంటివాళ్లకు దిక్కవుతుందని మామ ఆశ.

"ఎట్లుండావు మామా?" అంటే, "బాగుండానమ్మా, రాసుకో" అనేవాడు. నాలుగు గంటలు, నాలుగు వరుసలు, నాలుగింట్లోనూ 'ఇబ్బందేమీ లేదు' అని రాశాను. బీపీ కొంచెం కొంచెం పెరుగుతోంది. అది మామూలేనని, కనిపెట్టి ఉండమని డాక్టరమ్మ అంది.

ఐదోసారి వెళ్లేసరికి ఇచ్చిన టీ అలాగే చల్లారిపోయి ఉంది. మామ టీ వదిలేసే మనిషి కాదు. కిటికీ వెలుతురు పడకుండా కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"తల నొస్తాందా మామా?"

చెయ్యి తియ్యకుండానే అన్నాడు, "నువ్వు మొదటితూరి వచ్చినప్పటి నుంచే. ఎదలో గూడా సుమ్మా, ఊరికే కొంచం పట్టేసినట్టుండాది."

"మరి యేల చెప్పలా?"

"చెప్తే మందు మంచిది కాదని రాస్తారు గదమ్మా. మళ్లీ మాకు యాడ దొరుకుతాది?"

నాకు ఒళ్లు మండింది. "నువ్వు దాచిపెడితే, రేపు మీ కార్ఖానాలో ఊపిరాడని వానికి ఇదే ఎక్కిస్తారు. వానికి ఎద పట్టేస్తే, అది విషం పనో మందు పనో డాక్టరుకెట్ల తెలుస్తాది?"

ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. తర్వాత మెల్లగా, "అట్లయితే రాయి. అంతా రాయి" అన్నాడు.

నేను పిలవగానే డాక్టరమ్మ పరుగున వచ్చింది. ఈసీజీ తీశారు, గుండె బాగానే ఉందన్నారు. సాయంత్రానికి బీపీ దిగింది, తలనొప్పీ తగ్గింది.

తప్పు ఆయన ఒక్కడిదే కాదు. మా ఇళ్లల్లో ఎట్లుండావంటే బాగుండాననడం మర్యాద. నేను అడిగింది నర్సులాగా కాదు, పక్కింటి పిల్లలాగా. మొహమాటానికి పోతే కడుపైందని మా అమ్మమ్మ ఊరికే అనేది కాదు. ఆ నాలుగు వరుసల మీద, పాతమాట కనపడేలా ఒక్కొక్క గీత గీసి, పక్కన సంతకం పెట్టి, ఆయన చెప్పింది రాశాను. డాక్టరమ్మ చేత చీవాట్లూ తిన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు పొద్దున ఇంకా ఎర్రగానే ఉన్న ముఖంతో మామ ఇంటికి బయల్దేరాడు. గేటు దాకా వెంట నడిచాను.

"ఎట్లుండావమ్మా?" అన్నాడు.

"బాగుండాను మామా."

ఆయన కదల్లేదు. నేను స్టూలు మీద కూర్చున్నట్టే, ఓపిగ్గా నిలబడ్డాడు.

"లేదు మామా. నీకేమన్నా అయితే అత్త మొహం ఎట్ల చూసేదని నిన్నంతా భయమే."

"నాకూ భయంగానే ఉండె," అన్నాడు. "అది మాత్రం నీకు చెప్పలా."