అమ్మ కుట్టుమిషనుకి అయస్కాంతాలు

పక్షవాతం వచ్చి మా అమ్మ కుడి చెయ్యి పడిపోయింది గానీ, ఆమె మొండితనానికి మాత్రం ఏమీ కాలేదు. ఆసుపత్రి నుంచి పంజాగుట్టలో మా ఇంటికి తీసుకొచ్చిన రోజు ఆటో దిగుతూనే "నన్ను పట్టుకోకు, నడుస్త" అంది. నిజంగానే నడిచింది. చెయ్యి ఒక్కటే మాట వినలేదు.

డాక్టరు సూటిగానే చెప్పాడు. మొదటి కొన్ని నెలలే ముఖ్యం. ఇప్పుడు కదిలిస్తే కదులుతుంది, లేకపోతే కొయ్యబారిపోతుంది, ఆ తర్వాత ఎవరూ ఏమీ చెయ్యలేరు. అమ్మ బతుకంతా ఆ చేతిలోనే ఉంది. నాన్న పోయాక ఎర్రమంజిల్ క్వార్టర్లలో ఆడవాళ్లకీ, మా చర్చికొచ్చే వాళ్లకీ జాకెట్లు కుట్టి నన్ను డిగ్రీ దాకా చదివించింది. చేత్తో తిప్పే నల్ల మిషను ఆమెది. మోటారు పెట్టిస్తానని నేనంటే, "మోటరుకు ఏం తెలుస్తది, యాడ ఆగాల్నో" అనేది. పక్షవాతం వచ్చిన పొద్దున కూడా నా నీలం జాకెట్టే కుడుతోంది. దానికి ఒక చెయ్యి అతికింది, రెండోది అతకలేదు. ఆ జాకెట్టు మడతపెట్టి మిషను పక్కనున్న బుట్టలో పెట్టాను. తీసి దాచేయడానికి నాకు మనసొప్పలేదు.

వ్యాయామం చేయించడానికి ఇంటికి ఒక ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది. రాజమండ్రి వైపు పిల్ల, ఓపిక ఎక్కువ. పిసకమని మెత్తటి బంతి ఇస్తే అమ్మ దాన్ని మంచం కిందికి దొర్లించేసింది. అప్పుడు ఆ అమ్మాయి కళ్లు మిషను మీద పడ్డాయి.

"ఆంటీ, రోజూ కాసేపు ఈ చక్రం తిప్పండి చాలు. ఇంతకంటే మంచి ఎక్సర్‌సైజు ఏముంటుందండీ?"

"గుడ్డ లేకుంట మిషన్ తిప్పుతరా ఎవరన్న?" అంది అమ్మ.

"ఊరికే ఆంటీ, చెయ్యి కోసం."

"వట్టి తిరగలి తిప్పొద్దు. వట్టి ఉయ్యాల ఊపొద్దు. మిషన్ సుత గంతే."

మేము క్రైస్తవులం. అమ్మ జీవితంలో వర్జ్యం చూడలేదు, పిల్లి ఎదురొస్తే ఆగలేదు, ఆగినవాళ్లను చూసి నవ్వింది కూడా. ఆ సంగతి గుర్తుచేస్తే, "గది నమ్మకం కాదే, పద్ధతి" అంది. పోనీ పాత గుడ్డ పెట్టి తిప్పమన్నాను. ఒక్కసారి ప్రయత్నించింది. కుట్టు పాములా వంకర్లు పోయింది. ఆమె దారం తెంపి, మూత పెట్టేసి, "చెడ కుట్టుడు కన్న కుట్టకపోవుడే నయం" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. భయం వేసినప్పుడు నాకు కోపమే వస్తుంది, అది నా తీరు.

నేను అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో కౌన్సెలర్ని. కోర్సులో చేరితే ఉద్యోగం గ్యారంటీ అని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెప్పడం నా పని. చదివింది బీఎస్సీ ఎలక్ట్రానిక్స్. ఆ చదువుతో నేను ఇంతవరకూ వెలిగించింది ఏమీ లేదు. మా ఆఫీసున్న సందులోనే ఇంజినీరింగ్ పిల్లలకు ప్రాజెక్టులు చేసి అమ్మే కొట్లున్నాయి. ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కడుక్కుంటూ కిటికీలోంచి చూస్తే, ఎదురు కొట్లో ఒకతను బొమ్మ గాలిమర తిప్పుతున్నాడు, చిన్న బల్బు వెలుగుతోంది. చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది. అమ్మకు కావలసింది అదే కదా. తిప్పితే ఏదో ఒకటి రావాలి. పిండి రాదు, కుట్టు రాదు. కరెంటు వస్తే?

అయస్కాంతాలు ఆ కొట్లోనే దొరికాయి, చొక్కా గుండీలంతవి, పట్టు మాత్రం ఉడుంపట్టు. రాగి తీగ కోసం మోటార్లు వైండింగు చేసే భాయ్ దగ్గరికి వెళ్లాను.

"కూలర్ మోటరా మేడమ్, మిక్సీనా?"

"కుట్టుమిషను."

"దానికి రెడీమేడ్ మోటర్ దొరుకుతది గదా. ఎందుకు పరేషాన్?"

"మోటరు కాదు భాయ్. దానికి ఉల్టా. మిషను తిప్పితే కరెంటు రావాలి."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, జాలిగా అడిగాడు. "మీ ఇంట్ల కరెంటు కట్ చేసిన్రా?"

విషయం చెప్పాను. ఆయన లోపలికెళ్లి సన్న తీగ ఉన్న చుట్ట ఒకటి తెచ్చి, "అమ్మకు నా సలాం చెప్పున్రి" అన్నాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక పని మొదలుపెట్టాను. మిషను చక్రం పోత ఇనుముది. దాని చుట్టూ అయస్కాంతాలు పెడితే జిగురు అవసరం లేకుండా వాటంతటవే కరుచుకున్నాయి. పక్కపక్క అయస్కాంతాలు ఒకటి ఉత్తరం, ఒకటి దక్షిణం బయటికి చూసేలా పెట్టాలి. కరెంటు పుట్టేది ఆ మార్పు నుంచే. అమ్మ మంచం మీద కూర్చుని చూస్తోంది. పక్కనున్న గుండుసూదుల డబ్బా మూత తెరిచే ఉందని నేను చూసుకోలేదు. సూదులన్నీ టకటకా వెళ్లి చక్రానికి అంటుకున్నాయి.

"చేసినవ్ తీ! ముళ్లపంది లెక్క చేసినవ్ నా మిషన్ని" అంది. ఆసుపత్రి నుంచి వచ్చాక అమ్మ నవ్వడం అదే మొదలు. సగం మూతే నవ్వింది, మిగతా సగానికి ఇంకా రాలేదు.

ఇక తీగ చుట్టాలి. సెలోటేపు అయిపోయాక మిగిలే చిన్న అట్ట రింగులు రెండు ఆఫీసు నుంచి తెచ్చాను. వాటి మీద వందల చుట్లు చుట్టాలి. మొదటిది నేనే చుట్టాను. ఎన్ని చుట్లయ్యాయో మధ్యలో మర్చిపోయి మళ్లీ మొదటికొచ్చాను. రెండోది మొదలుపెట్టగానే అమ్మ ఉండబట్టలేకపోయింది.

"దారం గట్లనా చుట్టేది? వరుస మీద వరుస పడాలె. ఇటియ్యి."

"కుడి చేత్తో చుడతానంటే ఇస్తాను."

"ఇయ్యకుంటె మానె."

ఇచ్చాను. కుడి చేతిని, కాగితాలు ఎగరకుండా పెట్టే బరువులా, రింగు మీద ఆనించి, ఎడమ చేత్తో చుట్టింది. సాయంత్రం దాకా చుట్టింది. ఆమె చుట్ట కొత్త దారపు ఉండలా నున్నగా ఉంది, నాది కాకిగూడు.

రాగి తీగ మీద కంటికి కనపడని వార్నిష్ పూత ఉంటుంది. కొసల్లో దాన్ని బ్లేడుతో గీకకపోతే కరెంటు బయటికి రాదు. అది నాకు తెలుసు, శ్రద్ధగా గీకాను. రెండు చుట్టలనూ చెక్కముక్కకు బిగించి, చక్రానికి తగిలీ తగలనంత దగ్గరగా నిలబెట్టాను. నా చుట్ట చివరి కొసకు అమ్మ చుట్ట మొదటి కొస కలిపాను. మిగిలిన రెండు కొసలకు చిన్న ఎర్ర ఎల్ఈడీ పెట్టాను. చక్రం మధ్యలో ఉండే మర వదులు చేస్తే, బాబిన్‌కి దారం నింపేటప్పటిలాగా, సూది కదలకుండా చక్రం ఒక్కటే తిరుగుతుంది. అంతా సిద్ధం చేసి తిప్పాను. గట్టిగా తిప్పాను. చక్రం రివ్వున తిరుగుతోంది, ఎర్ర బల్బులో చుక్క వెలుగు లేదు.

మళ్లీ గీకాను, మళ్లీ కలిపాను. లేదు.

"వట్టిదే గదా," అంది అమ్మ మెల్లగా. ఎగతాళిగా అన్నా బాగుండేది. ఆమె కూడా కాస్త ఆశపడిందని ఆ గొంతులో తెలిసింది. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున ఇద్దరం టీ తాగడానికి కూర్చున్నాం. నేను చక్కెర కలుపుకుంటున్నాను, అమ్మ ఎడమ చేత్తో కలుపుకుంటోంది. నా చెంచా ఒక వైపు తిరుగుతోంది, ఆమె చెంచా దానికి ఎదురు తిరుగుతోంది. చూస్తూ చూస్తూ గబుక్కున లేచాను. నేను కుడి చేత్తో చుట్టిన తీగా, ఆమె ఎడమ చేత్తో చుట్టిన తీగా ఎదురెదురు దిక్కుల్లో ఉన్నాయి. ఒకదాంట్లో పుట్టిన కరెంటును రెండోది కొట్టేస్తోంది. మా తల్లీకూతుళ్ల సంసారం లాగే. విప్పి చుట్టక్కర్లేదు. అమ్మ చుట్ట కొసలు రెండూ అటుదిటు మార్చి కలిపితే చాలు.

మార్చాను. తిప్పాను. ఎర్రగా వెలిగింది.

"వెలిగిందే! బుగ్గ వెలిగింది!" అంది అమ్మ. టీ చల్లారిపోయినా పట్టించుకోకుండా మిషను ముందుకొచ్చి కూర్చుంది. కూర్చుని, ఎడమ చెయ్యి అడ్డంగా చాపి, పిడి పట్టుకుని తిప్పింది. బల్బు చక్కగా వెలిగింది.

"అమ్మా, కుడి చెయ్యి!"

"వెలిగిందా లేదా? ఏ చెయ్యి అయితేంది?"

నేను అరిచాను. ఆమె కూడా అరిచింది. పై ఇంటావిడ తొంగి చూసి వెళ్లింది. ఆఫీసుకు ఆలస్యమై, మెట్రోలో నిలబడి, ఇంత కష్టపడి ఆమె ఎడమ చేతికి వ్యాయామం కల్పించానే అని నన్ను నేను తిట్టుకున్నాను.

దారి చూపింది ఫిజియో అమ్మాయే. "ఎడమ చెయ్యి వద్దనకండి. కుడి చేతిని పిడి మీద పెట్టి, పైన ఎడమ చెయ్యి వేసి తిప్పమనండి" అంది. అమ్మ దానికి ఒప్పుకుంది. వెలుగొస్తోంది కాబట్టి ఇప్పుడది వట్టి తిప్పుడు కాదట. రోజూ మినుకు మినుకుమంటూ ఎర్ర బల్బు వెలిగేది. కొన్నాళ్లకు దాన్ని తీసి తెల్లది పెట్టాను. తెల్లదానికి జోరు ఎక్కువ కావాలి. అమ్మకు ఆ సంగతి చెప్పలేదు. "గీ బుగ్గ బద్ధకంది" అని దాన్ని తిట్టుకుంటూ తిప్పేది. కానీ ఎడమ చెయ్యి తీసేసి కుడి చేత్తో మాత్రం ఒక్క చుట్టు కూడా తిప్పలేదు. తిప్పలేకో, తిప్పి చూడ్డానికి భయమేసో నాకు తెలియదు. డాక్టరు చెప్పిన నెలలు కరిగిపోతున్నాయి.

వానాకాలం మొదలైంది. ఒక సెలవురోజు మధ్యాహ్నం మబ్బు కమ్మి, ఇల్లంతా చీకటై, కరెంటు పోయింది. అప్పుడే ఆఫీసు నుంచి ఫోనొస్తే వంటింట్లోకి వెళ్లి మాట్లాడుతున్నాను. గదిలోంచి అమ్మ పిలిచింది.

"ఏమే, జర వచ్చి మిషన్ తిప్పు. సూదిల దారం ఎక్కిస్త. ఏం కనపడ్తలేదు."

తొంగి చూస్తే బుట్టలోని నీలం జాకెట్టు ఆమె ఒళ్లో ఉంది. తెల్ల బల్బు సూది పక్కనే వేలాడుతోంది. ఆమె ఫోనులో టార్చి ఉంది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

"ఫోన్లో ఉన్నానమ్మా," అన్నాను. ఫోను అప్పటికే పెట్టేశారు. నేను గ్యాసు పొయ్యి దగ్గరే నిలబడిపోయాను.

కాసేపటికి వాన చప్పుడులో మిషను గరగర మొదలైంది. ఆగింది. "తిరుగవే నీ..." అని అమ్మ తన చేతిని తిట్టడం వినిపించింది. మళ్లీ గరగర. గోడ మీద తెల్లటి వెలుగు లేచి, పడి, మళ్లీ లేచింది. దారం పట్టుకోవడానికి ఎడమ చెయ్యి కావాలి. అంటే తిప్పుతున్నది ఏ చెయ్యో నాకు చూడకుండానే తెలిసింది. గుమ్మం దాకా వచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. ఏడుపు వినపడితే ఎక్కడ ఆపేస్తుందోనని భయం.

దారం ఎక్కింది. ఆమె నా వైపు తిరగకుండానే, "మర బిగియ్యి. గా అయస్కాంతాలు తీసెయ్, నా సూదులన్ని గుంజుకుంటున్నయ్" అంది.

రెండో చెయ్యి అతకడానికి ఆమెకు ఆ వారమంతా పట్టింది. గుడ్డ నేను పట్టుకున్నాను, చక్రం ఆమె తిప్పింది. చంక దగ్గర కుట్టు కొంచెం వంకర పోయింది. నేను ఆ జాకెట్టు వేసుకుని ఆఫీసుకు బయల్దేరుతుంటే అమ్మ చెయ్యెత్తి ఆపింది. ఎత్తింది కుడి చెయ్యే, భుజం దాకా కూడా రాలేదు.

"గా వంకర కుట్టుది ఏస్కోని పోతవా? ఇటియ్యి, ఇప్పి మళ్ల కుడ్త."

"ఇయ్యను," అన్నాను.