గొట్టం మాత్రలో సగం

నేను రక్తం తీసే మనిషిని. నన్ను చూస్తే పిల్లలు ఏడుస్తారు, తల్లులు మొహం అటు తిప్పుకుంటారు. డాక్టర్లు మాత్రం నీ చెయ్యి తేలికని మెచ్చుకుంటారు. మా నాన్న రాయగడ మునిసిపాలిటీలో కాలవలు తీసేవాడు. ఆయన మాకు నేర్పిన చదువల్లా ఒకటే: ఆఫీసరు అడిగినదానికి జవాబు చెప్పు, అడగందానికి నోరిప్పకు. ఇంట్లో నా నోటికి జడవని వాళ్ళు లేరు, కోపం నా ముక్కు మీదే కాపరముంటాది. అదే తెల్లకోటు కనిపిస్తే చాలు, చేతులు కట్టుకుని గుమ్మం పక్కన నిలబడిపోతాను. ఆ నిలబడ్డం వల్ల మా ఇంట్లో ఏం జరిగిందో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మా ఊళ్ళో సికిల్ జబ్బు మీద పరిశోధన అని ఒక ప్రాజెక్టు పెట్టేరు. ఓ అద్దింటి మేడ మీద రెండు గదులు, ఒక ఫ్రీజరు, రక్తాన్ని చదివే మిషను, కటక్ వైపు నించి వచ్చిన ఒక డాక్టరుగారు. ఆ జబ్బు మాకు కొత్తది కాదు. కొండ మీద వాళ్ళలోనూ ఉంది, మా తెలుగు వీధుల్లోనూ ఉంది. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణం కొడవలిలా వంగిపోతాది. వంగింది సన్నటి నరాల్లో ఇరుక్కుంటాది. ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ నొప్పి. చలికాలం వచ్చిందంటే పిల్లలు మోకాళ్ళు పట్టుకుని అరుస్తారు. ఆ అరుపు విన్నరోజు నాకు అన్నం సయించదు.

దానికి ఒక గొట్టం మాత్ర ఉంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు మనకి వేరే రకం రక్తం ఉంటాదిట, అది వంగదట. పుట్టిన కొన్నాళ్ళకి ఆ రకం ఊరడం ఆగిపోతాది. ఈ మాత్ర దాన్ని మళ్ళీ లేపుతాది. మా ప్రాంతం పిల్లల్లో ఎంత లేస్తాది, కొందరిలో ఎందుకు లేవదు, అదీ డాక్టరుగారి పరిశోధన. పెద్దాసుపత్రిలో ఆ మాత్ర ఓ నెల ఉంటే రెండు నెలలు ఉండదు. ప్రాజెక్టులో పేరు పడితే నెలనెలా తప్పకుండా చేతికొస్తాది. కాకపోతే పన్నెండేళ్ళు దాటిన పిల్లల్నే రాసుకుంటారు.

మా చెల్లికి ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ ఆ జబ్బే. దానిది లక్ష్మీపూర్‌లో కాపరం. సంతలో ఎండుచేపలు అమ్ముతాది. మొగుడు లారీ మీద తిరుగుతాడు, ఇంట్లో కనబడ్డమే తక్కువ. ఆడపిల్లకి పదమూడు, మగపిల్లాడికి ఎనిమిది. పిల్ల పేరు రాయిద్దామనుకున్నాను. కానీ ప్రాజెక్టులో పనిచేసేవాళ్ళ చుట్టాల్ని రాయకూడదని నియమం. నేను దాచేను. ఇంటిపేరు వేరు, ఊరు వేరు, ఎవరికి తెలుస్తాది? మేడ మెట్లెక్కగానే నన్ను ‘సిస్టర్’ అని పిలవాలని పిల్లకి నేర్పేను. అదొక ఆటయిపోయింది దానికి. సిస్టర్ అంటూ పమిట నోట్లో కుక్కుకుని నవ్వేది.

ఫారంలో తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఎలా ఉన్నారని ఒక గడి ఉంటాది. తమ్ముడు ఒకడు, బాగున్నాడు అని రాసేను. జబ్బుందని రాస్తే డాక్టరుగారు ఇంటికొచ్చి చూస్తాననేవారు. ఆ వీధిలో కుక్కకి కూడా తెలుసు నేను వాళ్ళ పెద్దమ్మనని. నా గుట్టు బయటపడితే పిల్ల మందు పోతాది, నా ఉద్యోగం పోతాది. అందుకని వాడు బాగున్నాడు. నా చేత్తోనే రాసేను.

వాన పడ్డం మొదలైనప్పుడు పిల్లకి మందు మొదలైంది. ప్రతినెలా ఖాళీ రేకులు తెచ్చి చూపించాలి. నేను వేలు పెట్టి లెక్కపెట్టేదాన్ని. ఒక్క మాత్ర మిగిలేది కాదు. మిగతా తల్లులకి దాన్నే చూపించి, చూడండి, లక్ష్మీపూర్ పిల్ల ఎంత బుద్ధిగా మింగుతోందో అనేదాన్ని. కానీ రక్తం మాత్రం లేవలేదు. ఒక నెల, రెండు నెలలు, మూడు. తనతో చేరిన పిల్లలు నొప్పులు తగ్గి బడికి పోతున్నారు. ఇది మాత్రం వాడిపోయిన తోటకూర కాడలా మెట్లెక్కుతోంది.

డాక్టరుగారికి కుతూహలం పట్టుకుంది. ఆయన చెడ్డవాడు కాదు, పాపం. అన్నం తింటూ కూడా ఈ పిల్ల కాయితాలే చూసేవారు. ఇది మామూలు కేసు కాదు దిదీ, మందు పనిచెయ్యనివ్వని గుణమేదో ఈ పిల్ల రక్తంలోనే ఉంది, అది దొరికితే ఇలాంటి పిల్లలు ఎంతమందికో మేలు అన్నారు. ఎప్పుడూ తీసే రెండు ట్యూబులు ఆరయ్యేయి. ఐసు పెట్టెలో పెట్టి రైల్లో పెద్ద ఊరి లేబుకి పంపేరు. పిల్ల చెయ్యి పట్టుకుంటే వెదురు పుల్ల. నరం దొరికేది కాదు.

“పెద్దమ్మా, నా రక్తంలో అంత ఏటుంది?” అని గొణిగింది ఓసారి, డాక్టరుగారు పక్కగదిలో ఉన్నప్పుడు.

“నీ మొహముంది. కదలకు” అన్నాను. ఆరో ట్యూబు నిండేసరికి దాని పెదాలు తెల్లబడ్డాయి. నా చెయ్యి తేలికట, తగలెయ్య.

దసరా ముందు, నారాయణపట్నలో పని ఉండి వెళ్తూ, చెప్పకుండా చెల్లింటికి పొద్దున్నే దిగేను. తలుపు తీసే ఉంది. చెల్లి గడప దగ్గర కూచుని, ఎదర స్టీలు పళ్ళెం, పళ్ళెంలో గొట్టం మాత్ర. దాన్ని రెండుగా విప్పి పొడి పోసింది. మొగుడు గెడ్డం గీసుకునే బ్లేడుతో ఆ పొడిని కుప్పచేసి, మధ్యకి గీత గీసింది. అటు కాస్తా ఇటు కాస్తా జరిపింది. సంతలో ఎండురొయ్యలు తూచీ తూచీ దాని కన్నే కాటా అయిపోయింది, గింజంత తేడా రానివ్వదు. ఒక సగం ఒక గ్లాసు అంబలిలో, ఇంకో సగం ఇంకో గ్లాసులో. పిల్లలిద్దరూ ఎదురుగా మఠం వేసుకుని కూచున్నారు.

చేత్తో తాకడానికే భయపడే పొడి అది, గ్లౌజులేసుకుని పట్టుకుంటాం మేము.

“ఒలే, ఏటే ఆ పని? ఎన్నాళ్ళ నించే?”

“మొదట్నించీ” అంది చెల్లి, బెదురూ లేదు సిగ్గూ లేదు. “ఏటప్పా అలా సూస్తావు? ఇద్దరికీ ఒకటే రోగం. ఒక కంట్లో ఎన్న, ఒక కంట్లో సున్నం పెట్టమంటావా? నేనేటి సవితి తల్లినా?”

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మా పరిశోధన. ఏ గుణం దొరుకుతుందని ఆ పసిదాని రక్తం రైలెక్కించేమో, ఆ గుణం ఈ పళ్ళెంలో ఉంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. పిల్లల్ని బయటికి పంపి చెల్లిని నోటికొచ్చినట్టు తిట్టేను. సగం మందు మందు కాదే, ఇద్దరికీ ఇచ్చేనని నువ్వనుకుంటున్నావు, ఇద్దరికీ లేకుండా చేస్తున్నావని చెప్పేను. అది వింది. అన్నీ విని ఒక్కటే అడిగింది.

“అయితే ఎవరికియ్యమంటావు? నువ్వే సెప్పు. నేను తల్లిని, నా నోట రాదు.”

నేను చెప్పేను. పిల్లకి అన్నాను. పేరు దానిది, మందు దాని బరువుకి లెక్కకట్టింది, దాని రక్తం పరీక్షకి వస్తాది. వాడికి పన్నెండు నిండేక వాణ్ణీ రాయిస్తానన్నాను. నాలుగేళ్ళు ఆగమన్నాను ఆ జబ్బుని. బుద్ధి గడ్డి తిన్నాదంటే ఇదే.

మర్నాటి నించి రెండో గ్లాసులో ఉత్త అంబలే. పిల్లాడు గ్లాసులోకి తొంగి చూసి, నాదేదీ అని పేచీ పెట్టేడట. మళ్ళీ వెళ్ళినప్పుడు నన్నే పట్టుకున్నాడు. వాణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకుని, “నీకు తగ్గిపోయిందిరా నాయినా. ఇంక మందక్కర్లేదు” అన్నాను. రక్తం లేబులో పనిచేసేదాన్ని, నా మాట వాడికి వేదం. వీధి వీధంతా పరిగెత్తి, నాకు తగ్గిపోయింది, మా అప్పకే తగ్గలేదు అని చాటింపు వేసేడు. వాళ్ళ అప్ప ఆ మాటకి వాణ్ణి తరిమి తరిమి కొట్టింది. ఆ రోజు అందరం నవ్వుకున్నాం. నేనూ నవ్వేను.

పుష్యమాసంలో మా కొండల మీద చలి మీకు చెప్పినా తెలీదు, పొద్దెక్కినా మంచు కరగదు. పిల్లాడికి ముందు కాళ్ళు పీకేయి, తరవాత రొమ్ము పట్టేసింది. ఊపిరికి ఎగబీలుస్తుంటే చెల్లి జీపెక్కించుకుని కొరాపుట్ పట్టుకుపోయింది. నేను రాయగడ నించి బయల్దేరేను. ఘాటీ రోడ్డు మలుపులో ఒక లారీ అడ్డంగా దిగబడి బండ్లన్నీ ఆగిపోయేయి. నేను ఆసుపత్రికి చేరేసరికి మిట్టమధ్యాన్నం. వాడి మీద దుప్పటి కప్పేసేరు. చెల్లి ఏడవటం లేదు. జీపులో వాడు, “తగ్గిపోయిందన్నాది కదమ్మా పెద్దమ్మ, మరేటిది?” అని అడిగేడట. అదొక్కటే చెప్పింది నాకు. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుణ్ణు.

సగం మందే వాణ్ణి కాసిందా, ఆ సగం తీసెయ్యడం వల్లే పోయేడా? నాకు తెలీదు. ఎవరికీ తెలీదు. మిషను బతికున్నవాళ్ళ రక్తమే చదువుతాది.

పదకొండో రోజు అయ్యేక పనిలోకి వెళ్ళేను. చెల్లి కొడుకు పోయేడని సెలవడగలేను కదా, జ్వరమని చెప్పేను. మేడెక్కేసరికి డాక్టరుగారి మొహం వెలిగిపోతోంది. లక్ష్మీపూర్ పిల్ల రక్తం లేచింది. ఆలస్యంగా లేచింది, కానీ బాగా లేచింది. ఇలాంటిది ఇంతవరకూ చూళ్ళేదు దిదీ, మందుకి కొన్ని ఒళ్ళు ఆలస్యంగా పలుకుతాయని దీంతో తెలుస్తోంది, పెద్ద మీటింగులో చెప్పాలి, పిల్లని రప్పించు, ఇంకో ఆరు ట్యూబులు కావాలి అన్నారు.

అంతే. ఇన్నేళ్ళు కట్టుకున్న చేతులు ఊడిపోయేయి.

“ఆలస్యమూ లేదు, ఏటీ లేదు సార్” అన్నాను. పళ్ళెం, బ్లేడు, అంబలి, అన్నీ చెప్పేను. ఆ పిల్ల నా చెల్లి కూతురని చెప్పేను. బాగున్నాడని ఫారంలో రాసిన తమ్ముడికీ అదే జబ్బని, వాడు పోయి పన్నెండు రోజులయిందని చెప్పేను. ఒరియాలో మొదలెట్టి తెలుగులోకి పోయి, ఏ భాషలో ఏడుస్తున్నానో నాకే తెలీలేదు.

ఆయన కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గర నిలబడ్డారు. కోప్పడతారనుకున్నాను, వెళ్ళిపొమ్మంటారనుకున్నాను. ఇటు తిరిగేరు.

“నియమం పరిశోధనకి దిదీ, పిల్లలకి కాదు. ఎనిమిదేళ్ళ వాడికి ఆ మందు ఇవ్వకూడదని ఎవరన్నారు? పరిశోధనలో రాసుకోకూడదు, అంతే. విడిగా చీటీ రాసిచ్చేవాణ్ణి. ఇక్కడ దొరక్కపోతే కటక్ నించి తెప్పించేవాణ్ణి. రోజూ నా ఎదురుగానే ఉంటావు కదా, ఒక్క మాట అడగాల్సింది.”

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అడగలేదు. నాలుగడుగుల దూరంలో గుమ్మం పక్కన నిలబడి, ఏడు నెలలు అడగలేదు.

పిల్ల కాయితాలు పరిశోధనలోంచి తీసేసేరు. మందు మాత్రం ఆపనని, విడిగా రాసిస్తానని చీటీ రాసేరు. నన్ను పనిలోంచి తియ్యలేదు. అక్కడికక్కడే తీసేసి పోలీసులకి పట్టించినా నోరెత్తేదాన్ని కాదు. ఆ చీటీ పట్టుకుని లక్ష్మీపూర్ బస్సెక్కేను.

చెల్లి గుమ్మంలో చేపల బుట్ట ముందేసుకుని కూచుంది. చీటీ ఇచ్చేను. అది చదవలేదు, అటూ ఇటూ తిప్పి చూసింది.

“డాక్టరికి సెప్పేసేవా?”

“చెప్పేసేను.”

“మందు ఆపేస్తాడా పిల్లకి?”

“ఆపడు. విడిగా రాసిస్తాడట.”

చెల్లి చేతులు బుట్టలో ఆగిపోయేయి. నా మొహంలోకి చూసింది.

“ఇడిగా రాస్తారా అప్పా? అయితే ముందే అడిగుంటే మావోడిక్కూడా రాసుందురా?”

“లేదే” అన్నాను. “సిన్నపిల్లలికి ఇవ్వరు.”

చెల్లి తలూపి, మళ్ళీ చేపల మీదికి వంగింది. నేను చెప్పింది నమ్మింది.