పెండ్లిలో పాడిన భూస్థాపన పాట

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, పదకొండేండ్లు నేను ఒకే గోడను చూస్తూ పడుకున్నాను. ఆ గోడలో ఎన్ని పగుళ్లున్నాయో, వానకాలంలో ఏ మూల చెమ్మ ఎక్కుతుందో నన్ను అడగండి, కళ్లు మూసుకొని చెప్తాను! మాది పుంగనూరు, నా పేరు ప్రకాశం. ఇరవై రెండేండ్ల వయసులో శాంతిపురం దగ్గర ఒక గ్రానైటు షెడ్డులో పనికి పోయేవాడిని, అక్కడ ఒకనాడు పలక జారి నా నడుము మీద పడింది, ప్రాణం దక్కింది గానీ నడుము కింద నాకు కాళ్లున్న సంగతి చూస్తే తెలియాలి తప్ప మరి తెలియకుండా పోయింది.

మా అమ్మ నన్ను చూసుకుంది. సంఘం కూడా నన్ను విడిచిపెట్టలేదు, ఆ మాట ముందే చెప్పాలి. ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనకు నలుగురు వచ్చి నన్ను కుర్చీతో సహా ఎత్తుకుపోయి ముందు వరుసలో దించేవారు, అందరూ నా తల మీద చేతులుంచి ఏడ్చేవారు, మళ్లీ ఎత్తుకొచ్చి మంచం మీద పడుకోబెట్టేవారు. ఆ ప్రేమను నేను తక్కువ చేయను. కానీ ఆ పదకొండేండ్లలో "ప్రకాశం, ఈ పని చూడు" అని ఒక్కరూ నాకు చెప్పలేదు, "నువ్వు చేసింది తప్పు" అని ఒక్కరూ అనలేదు. కుర్చీలు సర్దే వంతుల జాబితాలో సంఘంలో అందరి పేర్లూ ఉండేవి, నాది తప్ప. "ప్రభువా, నన్ను ఎందుకు మిగిల్చావు?" అని మాత్రమే ఆ రోజుల్లో నా ప్రార్థన.

నన్ను ఆ గోడ నుండి మొదట ఇటు తిప్పింది శాఖా గ్రంథాలయం. అమ్మ తన పేరు మీద సభ్యత్వం తీసుకొని చీర కొంగులో చుట్టి పుస్తకాలు తెచ్చేది. నేను చదివింది ఎనిమిదో తరగతి వరకే అయినా, ఇది గొప్పకు చెప్పడం లేదు, కొంచెం గొప్పకే చెప్తున్నాను, ఆ గ్రంథాలయంలో సముద్రాల గురించి, నక్షత్రాల గురించి, తేనెటీగల పెంపకం గురించి ఉన్న పుస్తకాలన్నీ నేను చదివేశాను! తాటాకు మీద ఎలా రాసేవారో, కాగితం చైనా దేశంలో ఎలా పుట్టిందో అడిగిన వారికీ అడగని వారికీ చెప్పేవాడిని. మూడు చక్రాల బండి వచ్చిన తరువాత నేనే స్వయంగా గ్రంథాలయానికి పోసాగాను. ఒకరోజు నేను తిరిగి ఇచ్చిన పుస్తకం అట్ట ఊడి చేతిలోకి రాగానే అక్కడి సారు నన్ను ఎగాదిగా చూసి, "ఇన్ని సదువుతాండావు గదప్పా, ఈ సినిగిపోయినేటివి బాగు సేసేది నేర్సుకోరాదా? ఈడ రెండు బీరువాలుండాయి సూడు" అన్నాడు.

సహోదరులారా, ఆయన ఆ మాట మామూలుగానే అన్నాడు, నాకు మాత్రం ఇంటికి పోయే దారి పొడవునా అది తప్ప మరేదీ వినబడలేదు. ఒకరు నన్ను పని అడిగారు!

కుప్పంలో వికలాంగులకు ఆరు నెలలు వసతితో పని నేర్పే శిక్షణ కేంద్రం ఒకటుందని ఆ సారే కనుక్కొని చెప్పాడు. అక్కడ నేను బైండింగులో చేరాను. ఎంత సందడి అనుకున్నారు ఆ చోటు! కాలు లేనివారు, చెయ్యి లేనివారు, చూపు లేనివారు, తెలుగూ తమిళమూ కన్నడమూ ఒకే వాక్యంలో కలిపి మాట్లాడేవారు, ఎవరూ ఎవరినీ పాపం అనరు, సాంబారు గిన్నె దగ్గర తోసుకోవడం మాత్రం ఉంటుంది. మాకు నేర్పిన మునెప్ప మేస్త్రీకి ఎడమ చెయ్యి మోచేతి వరకే ఉండేది. ఆయన గట్టిగా పట్టుకున్నది ఒకటే సూత్రం. మడిచిన కాగితాల కట్టను మేము ఫారం అంటాం, ఇలాంటి ఫారాలు ముప్పై వరసగా పేర్చి కుడితే ఒక పుస్తకం. కుట్టే ముందు ఆ వరసను ఇంకొకరికి చూపించి తీరాలి. "పక్కోళ్లకు సూపీకుండా సూది పట్టినావంటే, నాకుండేది ఒక సెయ్యే అయినా దాంతోనే నీ వీపు సాపు సేస్తా!" అనేవాడు, మేమంతా నవ్వేవాళ్లం.

నా పక్క బల్ల ముబీనాది. మదనపల్లె అమ్మాయి, పుట్టుకతో వినబడదు, మాట రాదు. ఇంట్లో దక్కనీ ఉర్దూ పెదవులు చూసి, మాతో తెలుగు పెదవులు చూసి గ్రహించేది, జవాబు ఫోనులో టైపు చేసి చూపేది. ఆమె వేళ్లు ఎంత చురుకంటే నేను ఒక పుస్తకం కుట్టేలోగా ఆమె రెండు కుట్టి, మూడోది ఎత్తి నా ముక్కు ముందు ఆడించేది. నాకొక సైగ పేరు కూడా పెట్టింది: రెండు అరచేతులు ముక్కుకు ఆనించి తెరవడం. అంటే, పుస్తకంలో ముక్కు దూర్చేవాడని!

శిక్షణ ముగించి పుంగనూరుకు వచ్చాక మా సంఘ పెద్ద యోహానప్పగారిని వెళ్లి అడిగాను, చర్చి వెనుక ఊరికే పడివున్న గది ఇస్తే ముబీనా, నేను బైండింగు మొదలుపెడతామని, తరువాత మాలాంటి వారికి నేర్పుతామని. కమిటీలో కొందరు ఆ గదిలో షామియానా సామాను పెట్టుకోవాలనుకున్నారు. చివరికి ఇలా తేల్చారు: చర్చిలో చినిగిన పాటల పుస్తకాలు మాకిస్తారు, ఆ గదిలోనే కూర్చొని బాగు చేయాలి, అవి చక్కగా వస్తే గది మాది, లేదంటే షామియానాది. చేతికి వచ్చిన ఆ ఒక్క పని మీదే మా ఇద్దరి భవిష్యత్తు ఆగివుంది. ముబీనా రోజూ మదనపల్లె నుండి బస్సులో వచ్చేది.

పుస్తకాలన్నీ విప్పి, ఏ ఫారానికి ఆ ఫారం కుప్పలుగా బల్ల మీద వరసగా పెట్టి, మంచి కాగితాలు ఏరి నిండు పుస్తకాలు తయారుచేయడం మా పద్ధతి. మొదటి ఇరవై పుస్తకాలు మా సంఘంలో పెద్దామె రూతమ్మ అవ్వ మనవరాలి పెండ్లికి కావాలన్నారు. పెండ్లికి రెండు రోజుల ముందు ముబీనాకు జ్వరం వచ్చింది, "రేపు వస్తాను, నేను చూసేవరకు కుట్టొద్దు" అని మెసేజి పెట్టింది. నేనేం చేశానో తెలుసా? గ్రంథాలయం మొత్తం చదివినవాడిని, పుట నంబర్లు చూసుకోవడానికి నాకు ఇంకొకరెందుకు అనుకొని సూది పట్టాను! మరునాడు ఆమె వచ్చేసరికి ఇరవై పుస్తకాలూ కుట్టి, అట్టలేసి, బరువు కింద పెట్టేసి ఉన్నాయి. ఆమె అడిగితే అన్నీ చూశానని తల ఊపాను.

గురువారం పెండ్లి. పెండ్లికొడుకు వాళ్లు నిమ్మనపల్లె నుండి రెండు బస్సుల్లో వచ్చారు. కొత్త అట్టల పుస్తకాలు ముగ్గురు నలుగురికి ఒకటి చొప్పున చేతుల్లో మెరుస్తుంటే, నేను గోడ పక్కన చక్రాల కుర్చీలో కూర్చొని ఎంత ఉప్పొంగిపోయానో చెప్పలేను. పాస్టరుగారు పెండ్లి పాట నంబరు చెప్పారు, అందరూ లేచి పల్లవి, మొదటి చరణం హాయిగా పాడారు, పుట తిప్పారు. పెండ్లి పాటల వెనుకనే భూస్థాపన పాటలుంటాయి. నేను రెండు కుప్పలను అటుదిటు మార్చి పెట్టాను. పైగా ఆ రెండు పాటల రాగం ఒకటే! చదువు వచ్చినవారందరూ, మైకు ముందు పాస్టరుగారితో సహా, వధూవరుల ఎదుట మట్టి గురించి, సమాధి గురించి, ఆరని కన్నీళ్ల గురించి గొంతెత్తి పాడేశారు!

నిమ్మనపల్లె వారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెండ్లికూతురు పూలగుత్తి వెనుక ముఖం దాచుకుంది, ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. అప్పుడు ముందు వరుసలో నుండి రూతమ్మ అవ్వ గొంతు లేచింది. ఆమెకు ఒక్క అక్షరం రాదు, చేతిలో పుస్తకమూ లేదు. నోటికి వచ్చిన అసలు పెండ్లి చరణాన్ని ఆమె కంచు గంటలా అందుకుంటే, చదువు రాని ముసలమ్మలంతా వెంట కలిశారు, చదివేవారంతా సిగ్గుపడి పుస్తకాలు మూసి వారి వెనుక పాడారు. ఆ పెండ్లిని నిలబెట్టింది చదువు రాని గొంతులే, సహోదరులారా!

భోజనాల వేళ యోహానప్పగారు నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. తిట్టలేదు. "పోనీలేప్పా, నిన్ను అనేదేముండాది. నీకుండే కష్టమే సాలు. ఇంక నువ్వు శ్రమ పడొద్దు. మిగిలినేటివి మదనపల్లెలో ప్రెస్సుకు ఇస్తాం, నీకు నెలనెలా బియ్యం మూట సంఘమే పంపిస్తాది" అన్నారు. ఎంత మెత్తగా అన్నారో! ఆ మెత్తటి మాటతో నేను తిరిగి ఆ గోడ ముందుకు వచ్చి పడ్డాను. నా గొప్ప వలన ముబీనా పని కూడా పోయింది. ఆమెకు నిజం చెప్పాను. ఆమె నా కళ్లలోకి చూసి ఫోనులో మూడు మాటలు టైపు చేసింది: "నాకు ఎందుకు చూపలేదు?" ఆమె లేచి బయట మెట్ల మీద కూర్చుంది.

గదిలో ఒంటరిగా, విస్తళ్లు తీస్తున్న చప్పుడు వింటూ నేను చేసిన ప్రార్థన ఇది: "తండ్రీ, కాళ్లిమ్మని ఇన్నేండ్లు అడిగాను, ఈ రోజు అది అడగను. నా గర్వాన్ని క్షమించు. ఈ జాలి నుండి నన్ను విడిపించు. చెడగొట్టిన పనివాడిని నలుగురూ ఎలా చూస్తారో నన్నూ అలాగే చూడనివ్వు. బాగు చేసే అవకాశం ఒక్కటి ఇవ్వు."

ఆమేన్ అన్నానో లేదో, తలుపు దబీమని తెరుచుకుంది. రూతమ్మ అవ్వ! ఒక చేతిలో తమలపాకులు, ఇంకో చేతిలో నా బైండు పుస్తకం.

"ఒరే ప్రకాశా! నా మనవరాలి పెండ్లిలో సావు పాట పాడిస్తివే, నీకేం పోయేకాలం వచ్చెరా? కాళ్లు పోయినాయి సరే, కండ్లుండాయి గదా, యాడ పెట్టుకోని కుట్టినావు? ఊళ్లో ఉండే పుస్తకాలంతా సదివినానని ఎగుర్తావే, అచ్చరం రాని ముండదాన్ని, నేను గాకుంటే ఈ పొద్దు పెండ్లికొడుకు బస్సెక్కి పోయుండు!"

నా కళ్ల వెంట నీళ్లు వచ్చేశాయి. ఆమె ఆగలేదు. "ఏడిస్తే ఇడిసిపెడతా అనుకోవద్దు. ఆదివారం ఆరాధన అయినాక పిల్ల నిమ్మనపల్లెకు పోతాది, దాని చేతిలో సరిగా కుట్టిన పుస్తకం పెట్టి పంపీయాల. నువ్వే సేయాల!"

వెనకే వచ్చిన యోహానప్పగారు, "అవ్వా, ఆ బిడ్డను అనొద్దు, పాపం" అన్నారు. అవ్వ ఆయన వైపు తిరిగింది. "యాల అనకూడదు? మేస్త్రీ గోడ వంకర కడితే వానికి బియ్యం మూట ఇస్తావా, పడగొట్టి మళ్లా కట్టమంటావా? నీ కొడుకు సేసుంటే చెప్పుతో కొట్టుండవూ?"

యోహానప్పగారు భుజం మీది కండువా సర్దుకొని, "సరే, ఆదివారం సూస్తాం" అన్నారు.

దేవునికే మహిమ! ఇన్నేండ్ల తరువాత మా సంఘంలో నన్నొక మనిషి తిట్టింది! పరలోకం నుండి దూత వస్తే తెల్లని వస్త్రాలతో వస్తాడనుకునేవాడిని, నాకు వక్కాకు నములుతూ వచ్చింది.

ముబీనాను రెండు చేతులు జోడించి వేడుకున్నాను. ఆమె ముందు నా చేతులు పక్కకు తోసి, చివరికి నా సైగ పేరు వేసి, తెరిచిన అరచేతులను ఫట్టుమని నా ముక్కు మీదే మూసి, నవ్వింది. ఆ మూడు రోజులు ఆమె అవ్వ ఇంట్లోనే ఉండి పనిచేసింది. కుట్లు విప్పాం, జిగురు గీశాం, కుప్పలు మళ్లీ పేర్చాం. ముబీనా ఒక్కో ఫారం నంబరు చూసి సరిగా ఉంటే బల్ల మీద ఒకసారి, తప్పయితే రెండుసార్లు తట్టేది. అది చాలదని అవ్వ తాను కూడా వచ్చి కూర్చుంది. ఫారం చివర ఉన్న పంక్తి నేను చదవాలి, తరువాతి పంక్తి అవ్వ జ్ఞాపకంతో పాడాలి, అవతలి ఫారంలో మొదట అదే ఉంటే సరి! వినబడని అమ్మాయి చూపు, చదవలేని అవ్వ జ్ఞాపకం, నడవలేని నా గొంతు, మునెప్ప మేస్త్రీ చూసి ఉంటే మురిసిపోయేవాడు. ఏ పుస్తకంలోనూ నాకు దొరకని పాఠం ఆ బల్ల దగ్గర నేర్చుకున్నాను.

ఆదివారం యోహానప్పగారు ఆరాధన మొదలు కాకముందే వచ్చి కళ్లద్దాలు పెట్టుకొని ఇరవై పుస్తకాలూ తిరగేశారు. నా గుండె కొట్టుకోవడం ముబీనాకు కూడా వినబడిందేమో! పద్నాలుగో పుస్తకం దగ్గర ఆగి, అట్ట మూల వేలితో గీకి, ముఖం చిట్లించారు. "ఇది సూడు ప్రకాశా, ఈడ జిగురు మిగిలిపోయింది. సంఘం సొత్తు కదా, ఇంత అజాగ్రత్త అయితే ఎట్లా? తుడిచి తీస్కోనిరా. ఆనక మిగిలినేటివి కూడా మీరే సేయండి, గది తాళం ఇదో." ఆ గద్దింపు నా చెవులకు ఎంత తియ్యగా తగిలిందో, ప్రభువుకు తెలుసు!

కొత్త జంట ఒక పుస్తకం తీసుకొని నిమ్మనపల్లెకు వెళ్లారు. ఇప్పుడు మా గదిలో మరో నలుగురు పని నేర్చుకుంటున్నారు, అందులో గుర్రంకొండ నుండి వచ్చిన ఒక తల్లికి చూపు లేదు, ఆమె కాగితం మడత నా మడతకంటే సూటిగా ఉంటుంది. సంఘంవారు మెట్లు కొట్టేసి ఏటవాలు దారి కట్టారు. గ్రంథాలయం సారు రెండు బీరువాల పుస్తకాలూ పంపించాడు. ఉపవాస ప్రార్థనలో నన్ను ఇప్పుడు ఎవరూ ఎత్తుకుపోయి ముందు దించరు, నేనే పోయి నాకు నచ్చిన చోట కూర్చుంటాను, కుర్చీల వంతు జాబితాలో మూడో ఆదివారం నాది.

నా కాళ్లు ఇప్పటికీ కదలవు. అయినా నేను విడుదల పొందినవాడినని ఈ పత్రిక చదివే ప్రతి ఒక్కరి ఎదుట ధైర్యంగా సాక్ష్యమిస్తున్నాను. నా గర్వాన్ని విరిచి, నా చేతులను నిలబెట్టిన నా ప్రభువుకు వేలాది స్తోత్రాలు. ప్రియులారా, మీ ఇంట్లోనో మీ వీధిలోనో గోడ వైపు తిరిగి పడుకున్నవారు ఎవరైనా ఉంటే వారి కోసం ప్రార్థన చేయండి, తప్పక చేయండి. చేసి లేచాక ఊరికే రాకండి, వారి చేతికి ఒక పని ఇచ్చి రండి, అది ఎలా వచ్చిందో మరునాడు పోయి చూడండి, వంకరగా వస్తే వంకరని చెప్పండి. ఇక గోడ వైపు తిరిగి ఉన్న నా తోబుట్టువా, నీకు ఒక్క మాట: ఆయన్ని నమ్ము, ఇటు తిరుగు. పుంగనూరులో మా గది తలుపు పొద్దున తొమ్మిదికి తెరుస్తాం, బల్ల దగ్గర ఇంకా చోటుంది.