బాగేపల్లి పేరున్న వాక్యం

పోయిన నెల బాగేపల్లి నుంచి చింతామణికి తిరిగి వస్తుంటే, దారిలో ఎవరో రైతు పట్టుగూళ్ళ మూటలు రెండు బస్సులోకి ఎక్కించి నా సీటుకే ఆనించాడు. పచ్చి ఆకు, పురుగు, సున్నం, తడిసిన గోనెపట్టా అన్నీ కలిసిన ఆ వాసనకు పక్కవాళ్ళు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకుంటే, నేను మాత్రం గుండెల నిండా పీల్చుకున్నాను. ఇంగ్లీషు అనగానే ఎవరికైనా కొత్త పుస్తకమో కాన్వెంటు యూనిఫారమో గుర్తొస్తుందేమో గానీ, నాకు ఈ వాసనే గుర్తొస్తుంది. నేను ఇంగ్లీషు నేర్చుకున్నది మా ఊరు సాదలిలో, మా పురుగుల ఇంట్లో.

పట్టుపురుగులు పెంచే పొడవాటి కొట్టాన్ని మేం పురుగుల ఇల్లు అనేవాళ్ళం. పంట నడుస్తున్నన్నాళ్ళు పిల్లలకు అందులో కాలు పెట్టే హక్కు లేదు. అమ్మ కాళ్ళు కడుక్కుని, తలకు గుడ్డ చుట్టుకుని, తరిగిన మల్బరీ ఆకు ఒడిలో పోసుకుని పురుగుల తట్టల మధ్య తిరుగుతూ, మేం గడపలో కనబడితే చాలు, "తాలింపు వాసన గూడా పడదు వీటికి, అవతలికి పోండే" అని కసిరేది. గూళ్ళు విడిపించి సంతకు పంపేశాక, తట్టలు ఎండకు పెట్టి, గోడలకు సున్నం కొట్టి, మళ్ళీ పంట వేసేదాకా ఆ కొట్టం ఖాళీగా ఉండేది. ఆ రోజుల్లో సాయంత్రాలు అక్కడ సుబ్బణ్ణ మేష్ట్రు ట్యూషను జరిగేది.

ఆయన అర్చకుల ఇంట పుట్టి, గుడి పని తమ్ముడికి వదిలేసి, హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఫీజు తీసుకునేవాడు కాదు. చలికాలం వచ్చిందంటే మా వైపు ప్రతి ఇంటా అనపకాయలే, రాగి ముద్దలోకి పితికిపప్పు పులుసే. ఫీజుకు బదులన్నట్టు, నానబెట్టిన అనపగింజలను ఆయన గంగాళంతో తెచ్చి మా మధ్య పెట్టేవాడు. మేం గింజను రెండు వేళ్ళ మధ్య పట్టి నొక్కి, తొక్కలోంచి పప్పు చటుక్కున జారేట్టు పితుకుతూ, చన్నీళ్ళకు వేళ్ళు ముడతలు పడుతుంటే, నోటితో ఇంగ్లీషు వల్లించేవాళ్ళం. ఎవడో ఒకడు పప్పును ఎదుటివాళ్ళ ముక్కుకు గురిచూసి జార్చడం, మేష్ట్రు బెత్తం నేలకు కొట్టడం రోజూ ఉండేదే.

బళ్ళో కన్నడం, ఇంట్లో తెలుగు, ఈ రెండింటి మీద ఇంగ్లీషు. నేను ఏడో క్లాసులో ఉన్న ఆ సంవత్సరం మేష్ట్రు పట్టుకున్న పాఠం, ఒకరు ఇంకొకరితో ఫలానా సంగతి అన్నారని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి అన్నది. మనమైతే ముందు సంగతి చెప్పేసి, ఆఖరున "అని అవ్వ చెప్పింది" అంటాం. ఇంగ్లీషులో ముందు చెప్పినవాళ్ళు, తర్వాత విన్నవాళ్ళు వస్తారు, ఆ పైన ‘దట్’ అనే గడప ఒకటి ఉంటుంది, ఆ గడప దాటితే గానీ అసలు సంగతి రాదు, దాని వెనకే ఎక్కడ, ఎవరికి, ఎవరితో అనే ముక్కలు వరుసగా నడుస్తాయి. ‘సెడ్’ పక్కన మనిషికి ‘టు’ కావాలి, ‘టోల్డ్’ పక్కన వద్దు, ‘ఎక్స్‌ప్లెయిన్డ్’ పక్కన మళ్ళీ కావాలి. బట్టీ పెడితే ఇది తలకెక్కదని మేష్ట్రు ఒక పద్ధతి పెట్టాడు. రోజూ ప్రతి ఒక్కరూ ఇంట్లోనో వీధిలోనో చెవినపడ్డ మాట ఒకటి తెచ్చి ఇంగ్లీషులో చెప్పాలి. ఆయన తప్పు దిద్ది బోర్డు మీద రాసి, అందరి చేతా గట్టిగా పదే పదే అనిపించేవాడు. అట్లా సాదలిలోని అత్తాకోడళ్ళ తగువులు, కుంటుతున్న ఎద్దులు, మురుగమల్ల దర్గాకు మొక్కుకున్న మొక్కులు, అన్నీ మా కొట్టంలో ఇంగ్లీషయ్యేవి. పెద్దవాళ్ళకు ఆ భాష రాదు గనక ఎవరికీ కోపమూ రాలేదు.

నా పక్కన కూర్చునే పద్మకు మాత్రం ఎప్పుడూ మంచి కబురు దొరికేది కాదు. వాన వస్తుందని నాయన చెప్పాడన్న వాక్యమే తిప్పి తిప్పి తెచ్చేది. "ఏమమ్మా పద్మా, మీ నాయనకు వాన దప్ప ఇంగేమీ తెలీదా?" అని మేష్ట్రు ఆటపట్టిస్తే అందరం నవ్వేవాళ్ళం. ఆ రోజు పద్మ మొహం వెలిగిపోతూ వచ్చింది. పిలవకముందే లేచి నిలబడి, తడి చేతులు పావడాకు తుడుచుకుని, ఊపిరి బిగబట్టి అంది: "మై గ్రాండ్‌మదర్ టోల్డ్ టు మై మదర్ దట్ రమా వాజ్ బార్న్ టు హర్ ఆంట్ ఇన్ బాగేపల్లి."

రమ బాగేపల్లిలో తన పెద్దమ్మకు పుట్టిందని పద్మ వాళ్ళ అవ్వ పద్మ వాళ్ళమ్మకు చెప్పింది. రమ అంటే నేనే.

"‘టోల్డ్’కు ‘టు’ ఏలమ్మా? తీసెయ్. మిగతాదంతా సరిగ్గా ఉండాది. ఎంత పొడుగు వాక్యం కట్టినావే!" అని మేష్ట్రు సంబరపడిపోయి బోర్డు వైపు తిరిగి రాశాడు. ఆయన చెవికి వ్యాకరణం తప్ప మరేదీ వినబడేది కాదు. "ఊఁ, అనండి" అన్నాడు. కొట్టం మారుమోగేట్టు అందరూ అన్నారు, అలవాటుకొద్దీ నేనూ అన్నాను. నా నోటితో నేనే అన్నాక గానీ ఆ మాట నాకు అర్థం కాలేదు. వేళ్ళు మాత్రం గింజలు పితుకుతూనే ఉన్నాయి. అందరూ నావైపు తిరిగి చూస్తారనుకుని తలెత్తాను. ఒక్కరూ తిరగలేదు. వాన గురించి చెప్పినట్టే, ఎద్దు గురించి చెప్పినట్టే మళ్ళీ మళ్ళీ వల్లిస్తున్నారు. వాళ్ళకది కొత్త సంగతి కాదు. నన్నొక్కదాన్ని తప్పించి ఊరంతా ఎరిగిన విషయమది. పద్మ చేసిన దానికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే, ఇన్నేళ్ళయినా ఇదే.

మేష్ట్రు చేతిలో సుద్దముక్క ఆగింది. రాసింది చదువుకుని, నన్ను చూసి, అరచేత్తోనే బోర్డు తుడిచేశాడు. "చాలు, ఇండ్లకు పోండమ్మా" అన్నాడు. పద్మ తన వాక్యం ఎందుకు చెరిపేశారో తెలియక బిక్కమొహం వేసుకుని నిలబడింది.

అమ్మకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, వినడమంటే మాత్రం ప్రాణం. పొయ్యి దగ్గర నన్ను కూర్చోబెట్టుకుని, ఆ రోజు నేర్చుకున్నది చెప్పించుకునేది. ఆ సాయంత్రమూ అడిగింది. ఇంకేదీ నోటికి రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"అబ్బా, ఎంత పొడుగుండాదే! ఇంగోసారి చెప్పు."

చెప్పాను.

"అంటే ఏమి?"

అమ్మ మొహం చూశాను. మంట వెలుగులో, చెమటతో, నా కోసం మురిసిపోతున్న ఆ మొహం నాది కాకుండా పోతుందేమోనని భయమేసింది. "బాగేపల్లి బస్సు లేటుగా వచ్చిందని రమ మేష్ట్రుకు చెప్పింది" అన్నాను.

"అట్లనా" అంది అమ్మ, పొయ్యిలోకి పుల్ల తోసి.

మా పెద్దమ్మ ప్రతి ఉగాదికీ వచ్చేది. నలుగురు కూతుళ్ళను వెంటబెట్టుకుని వచ్చినా, ఒబ్బట్టు మీద నెయ్యి ముందు నా ఆకులోనే వేసేది, గాజులు తొడుగుతూ నా చెయ్యి అవసరానికి మించి పట్టుకునేది. అయిదోది నేను. బిడ్డల్లేని చెల్లెలికి నన్ను పురిటి మంచం మీదే ఇచ్చేసిందని తర్వాత ఎప్పుడో మేష్ట్రు చెప్పాడు. నేను ఆమెను చివరిదాకా పెద్దమ్మా అనే పిలిచాను.

పోయిన నెల ఆమె పోయింది. మోకాళ్ళ నొప్పులతో అమ్మ రాలేకపోతే నేనొక్కదాన్నే బాగేపల్లికి పోయి, ఆ సాయంత్రం పట్టుగూళ్ళ బస్సులో చింతామణిలోని మా ఇంటికి తిరిగి వచ్చి స్నానం చేశాను. అమ్మ గోడకు ఆనుకుని కూర్చునుంది.

"తల్లికి నీళ్ళు పోసినావా?" అంది.

తల తుడుచుకుంటున్నదాన్ని తిరిగి చూశాను.

"నీకు తెలుసునని నాకు తెలుసులే. పొయ్యి కాడ ఇంగ్లీషు చెప్పినావే, ఆ పొద్దే. నీ పేరూ బాగేపల్లి పేరూ ఒగే మాటలో వస్తే నాకు తెలీదా? పొద్దున్నే మేష్ట్రును పోయి అడిగినా. ఏడ్చినాడప్పా ఆయన."

"మరి నాతో ఏలమ్మా అనలేదు?"

"నువ్వు బస్సని అబద్ధం చెప్తివే. నన్ను ఇడిసి పోదు ఈ బిడ్డ అనుకున్యా. ఇంగేం అడిగేది?" కొంగుతో మొహం తుడుచుకుంది. "నీకు తెలుసునని అక్కకు మాత్రం చెప్పినా. ‘ఒగసారన్నా అమ్మా అంటాదేమో’ అనె. ప్రతి ఉగాదికీ చూసె."

అమ్మ పక్కన కూర్చున్నాను. నెయ్యి వేస్తూ, గాజులు తొడుగుతూ ఆమె ఇన్నేళ్ళు ఎదురుచూసిందా!

పురుగుల ఇల్లు ఇప్పుడు లేదు, ఆ చోట ద్రాక్ష పందిరి లేచింది. మేష్ట్రు లేడు. పితికిపప్పు చింతామణి సంతలో పితికినదే దొరుకుతుంది. నేనూ ఇంగ్లీషు టీచర్నే అయ్యాను గానీ, ఆ పాఠం వచ్చినప్పుడు పిల్లలను ఇంటి కబుర్లు మాత్రం అడగను.

"ఆ ఇంగ్లీషు ఇంగోసారి చెప్పే" అంది అమ్మ.

మొదలుపెట్టాను. పద్మ వాళ్ళ అవ్వను దాటాను, నా పేరు దాటాను. ఆఖరు మాట దగ్గర ఆగాను.

"బాగేపల్లి" అని అమ్మ అందించింది.